లెక్కల గది బీరువా తెరవాలంటేనే భయమేస్తోందా?

ప్రశ్న: నేను లెక్కల టీచర్‌ని. మా స్కూల్లో లెక్కలకి విడిగా ఒక గది ఇచ్చారు, ఆరు నుంచి పదో క్లాసు దాకా పిల్లలు పీరియడ్ మారినప్పుడల్లా ఆ గదికే వస్తారు. నాకు ముందున్న టీచర్ వదిలేసి వెళ్ళిన సామాను, నేను కొన్నవి, పిల్లలతో చేయించినవి అన్నీ కలిసి రెండు బీరువాలు నిండిపోయాయి. బ్లాకులు, ఫ్రాక్షన్ ముక్కలు, రబ్బర్ బ్యాండ్లు, పాచికలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పంచడానికే పది నిమిషాలు, మళ్ళీ తీసుకోవడానికి పది నిమిషాలు, అయినా ముక్కలు పోతూనే ఉన్నాయి. అందుకే ఈ మధ్య అసలు తియ్యడమే మానేసి బోర్డు మీద బొమ్మ గీసి కానిచ్చేస్తున్నా. ఈ సెలవుల్లో ఎలాగైనా సర్దేద్దామని ఉంది. ఎలాంటి డబ్బాలు కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? వర్క్‌షీట్ల గుట్ట సంగతి కూడా చెప్పండి.

సమాధానం:

టీచర్ గారూ, డబ్బాలు మాత్రం ఇప్పుడే కొనకండి. అందరూ అక్కడే మొదలెడతారు, రంగురంగుల డబ్బాలు తెచ్చేసి ఉన్న సామానంతా అందులోకి సర్దేసి, రెండు వారాలు గది చూడ్డానికి బావుంటుంది, మూడో వారానికి మళ్ళీ మామూలే. మీ ఉత్తరంలో నాకు అసలు విషయంలా కనబడింది బీరువా కాదండీ, "తియ్యడమే మానేశాను" అన్న మాట. నలభై నిమిషాల పీరియడ్‌లో ఇరవై పంచడానికి, తీసుకోవడానికి పోతే ఎవరైనా మానేస్తారు, అందులో మీ తప్పేం లేదు. కాబట్టి బీరువా అందంగా ఉందా లేదా అన్నది పక్కన పెట్టేసి ఒక్కటే చూడండి. మీరు "మొదలెట్టండి" అన్నాక రెండు మూడు నిమిషాల్లో సామాను పిల్లల చేతుల్లోకి వెళ్ళిందా, చివర్లో అంతే టైములో మీరు ఒక్క ముక్క కూడా లెక్కపెట్టకుండా తిరిగొచ్చిందా. ఈ రెండూ జరిగితే అది మంచి సర్దుడు, జరగకపోతే ఎన్ని లేబుళ్ళు అంటించినా దండగే.

ముందు ఏరివేత. రెండు బీరువాలూ పూర్తిగా ఖాళీ చేసి అంతా బల్లల మీద పరిచేయండి, సగం సగం చెయ్యకండి, సగం చేస్తే పాత సామాను పాత చోటికే వెళ్ళిపోతుంది. ఈ ఏడాది వాడినవి ఒక చోట, ముక్కలన్నీ ఉంటే వాడేవాణ్ణి అనిపించేవి ఒక చోట, నాకెందుకివి అనిపించేవి ఒక చోట. ముందున్న టీచర్ వదిలినవి పారెయ్యాలంటే మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు, కానీ స్టాక్ రిజిస్టర్లో ఉన్నవైతే పద్ధతి ప్రకారం అప్పజెప్పేయండి, లేనివైతే వేరే టీచర్లకి ఇచ్చేయండి. అంకెలు చెరిగిపోయిన ప్రొట్రాక్టర్లు, అంచు విరిగిన స్కేళ్ళు తీసేయండి. కీలు వదులైపోయిన కంపాస్‌లని స్క్రూ బిగించి చూడండి, అప్పటికీ నిలబడకపోతే అవీ అంతే. కంపాస్ మధ్యలో జారితే వృత్తం మొదలైన చోట కలవదు, పిల్లాడేమో తనకి గియ్యడం రాదనుకుంటాడు, ఇది చిన్న విషయం కాదు. జియోబోర్డ్ (వరసగా మేకులున్న పలక, వాటికి బ్యాండ్లు తగిలించి ఆకారాలు చేస్తాం) రబ్బర్ బ్యాండ్లు అయితే ఒక్కొక్కటీ లాగి చూడండి, ఎండా వేడీ తగిలితే అవి పెళుసుబారి పుటుక్కున తెగుతాయి, పిల్లల కళ్ళ దగ్గర తెగితే ప్రమాదం. మంచివి మూతున్న డబ్బాలో, కిటికీకి దూరంగా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మామూలుగా మనం సామానుని రకం ప్రకారం సర్దుతాం, అంటే పొడుగు కడ్డీలు, అదే రాడ్లన్నీ ఒక డబ్బా, చిన్న ఘనాలు, అదే యూనిట్లన్నీ ఇంకో డబ్బా, అలా. బీరువాకి అది బాగానే ఉంటుంది గానీ క్లాసుకి పనికిరాదు, ఎందుకంటే ప్రతి పీరియడ్‌లోనూ మీరు ఒక్కో గ్రూపుకి ఇన్ని రాడ్లు ఇన్ని యూనిట్లు అని మళ్ళీ లెక్కపెట్టి పంచాలి. మీ పది నిమిషాలు పోతున్నది అక్కడే. దాని బదులు గ్రూపుకొక కిట్ చేసేయండి, నలుగురు పిల్లలకి కావాల్సినవన్నీ ఒకే డబ్బాలో. పంచడం అంటే ఇక డబ్బా తీసుకెళ్ళడమే.

కిట్‌లో ఎన్ని పెట్టాలి అన్నదానికి గుడ్డిగా "కొన్ని" అనకండి, పాఠాన్ని బట్టి లెక్క వెయ్యండి. బేస్ టెన్ బ్లాకులే తీసుకుందాం, పది యూనిట్లు కలిస్తే ఒక రాడ్, పది రాడ్లు కలిస్తే ఫ్లాట్ అనే ఒక పలక, పది ఫ్లాట్లు కలిస్తే ఒక పెద్ద క్యూబ్. సాధారణంగా అమ్మే ఒక సెట్లో పెద్ద క్యూబ్ 1, ఫ్లాట్లు 10, రాడ్లు 10, యూనిట్లు 100, మొత్తం 121 ముక్కలుంటాయి. దాన్ని అలాగే గ్రూపు ముందు పెడితే రాడ్లు చాలవు, యూనిట్లేమో నేల మీద దొర్లుతుంటాయి. ఆరో క్లాసులో దశాంశాలు చెప్తున్నారనుకోండి, ఫ్లాట్ ఒకటి, రాడ్ 0.1, యూనిట్ 0.01 అని. 0.78కి 0.67 కలపాలంటే 13 రాడ్లు, 15 యూనిట్లు కావాలి, యూనిట్లు పది కలిపి మార్చుకోవడానికి ఇంకో రాడ్ కావాలి. అన్నిటికంటే ఎక్కువ పట్టేది 0.99కి 0.99 కలపడం, దానికి 18 యూనిట్లు, మార్చుకునే రాడ్‌తో కలిపి 19 రాడ్లు. అంటే 20 రాడ్లు, 20 యూనిట్లు, 2 ఫ్లాట్లు ఉంటే ఆ పాఠమంతా గడిచిపోతుంది. 42 ముక్కలు, అంతే. పెద్ద క్యూబ్ కిట్‌లో వద్దు, అది మీ దగ్గరే ఉంచుకోండి. మామూలుగా దొరికేది పది సెంటీమీటర్ల క్యూబే కాబట్టి దాని ఘనపరిమాణం 1000 ఘన సెంటీమీటర్లు, అంటే సరిగ్గా ఒక లీటరు, ఘనపరిమాణం పాఠంలో దానికి పని పడుతుంది.

ఈ అంకెలే ఎందుకంటే ఇంకో కారణం ఉంది, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. 20 రాడ్లు పక్కపక్కన పేరిస్తే రెండు ఫ్లాట్లని సరిగ్గా కప్పేస్తాయి. 20 యూనిట్లు పేరిస్తే రెండు రాడ్ల పొడవు. కాబట్టి చివర్లో పిల్లలు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టక్కర్లేదు, ఫ్లాట్ల మీద రాడ్లు పేర్చి, వాటి మీద రెండు వరసల్లో యూనిట్లు పెడితే చాలు, ఖాళీ కనబడిందంటే ముక్క పోయినట్టు. దూరంనుంచి మీకూ కనబడుతుంది. పైగా పదులుగా మార్చడం అనే విషయాన్ని రోజూ చేత్తో చేస్తున్నారు, అది ఊరికే వచ్చిన లాభం. మిగతా సామానుకి కూడా ఇదే పద్ధతి వెతకండి, లెక్కల సామానుకి ఉన్న సుఖం ఏంటంటే వాటి ఆకారాల్లోనే లెక్క ఉంటుంది.

ఫ్రాక్షన్ టైల్స్, అంటే ఒకటిని సగాలు, మూడో వంతులు ఇలా కోసిన పట్టీలు, అవి చూడండి. ఒకటి నుంచి పన్నెండో వంతు దాకా ఉండే మామూలు సెట్లో 51 ముక్కలు, 1, 2, 3, 4, 5, 6, 8, 10, 12 చొప్పున తొమ్మిది వరసలు. ప్రతి వరసా కలిపితే ఒకటే పొడవు. ఒక అట్ట మీద ఆ పొడవుకి తొమ్మిది గీతలు గీసి డబ్బా అడుగున అంటించేస్తే పిల్లలు వరసలు పేర్చుకుంటూ పోతారు, ఎనిమిదో వంతుల వరసలో సందు మిగిలిందంటే 1/8 ఎక్కడో కింద పడినట్టు. ఏడో వంతు, తొమ్మిదో వంతు ఎందుకు లేవు అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగనివ్వండి, ఆ రోజుకి అదే పాఠం. రంగురంగుల ఆకారాల ముక్కలైన ప్యాటర్న్ బ్లాకులకి పసుపు షడ్భుజి కొలత, ఎర్ర ట్రెపీజియంలు రెండు, నీలం రాంబస్‌లు మూడు, ఆకుపచ్చ త్రిభుజాలు ఆరు, ఏవైనా సరే ఒక షడ్భుజిని నింపుతాయి, నారింజ చతురస్రం, సన్న రాంబస్ మాత్రం ఇందులో ఇమడవు, వాటికి వేరే అర పెట్టుకోవాలి. టాన్‌గ్రామ్‌లో ఏడు ముక్కలూ కలిపితే చతురస్రం అన్నది అందరికీ తెలిసిందే గానీ అది చెయ్యమంటే పీరియడ్ చివర్లో పదిహేను నిమిషాలు కూర్చుంటారు, కాబట్టి దానికి మాత్రం మూత లోపల గీతలు గీసి పెట్టండి, లేదంటే బెల్ కొట్టినా ఎవరూ లేవరు.

పెద్ద క్లాసుల అల్జీబ్రా టైల్స్‌తో, అంటే ఎక్స్ స్క్వేర్, ఎక్స్, ఒకటి వీటికి గుర్తుగా వాడే పలకలతో, చిన్న చిక్కుంది. వాటిల్లో ఎక్స్ పొడవుని కావాలనే యూనిట్లతో సరిగ్గా కొలవడానికి రాకుండా చేస్తారు, పిల్లలు ఎక్స్ అంటే ఐదు అని ఫిక్స్ అయిపోకూడదని. అందుకని ఇందాకటిలా ఒకదాని మీద ఒకటి కప్పి చూడ్డం కుదరదు. కానీ ఎక్స్ స్క్వేర్ 1, ఎక్స్ టైల్స్ 5, యూనిట్లు 6 పెట్టారనుకోండి, అవన్నీ కలిపి ఒక నిండు దీర్ఘచతురస్రం అవుతాయి, ఒక వైపు ఎక్స్ + 2, ఇంకో వైపు ఎక్స్ + 3. అంటే డబ్బా మూసే ముందు పిల్లలు కారణాంకాలు కట్టేసినట్టే! ఎక్కువ టైల్స్ కావాలంటే ఎక్స్ స్క్వేర్ 2, ఎక్స్ 7, యూనిట్లు 6, అది 2ఎక్స్ + 3 ఒక వైపు, ఎక్స్ + 2 ఇంకో వైపు. కిట్ కిట్‌కీ వేరే దీర్ఘచతురస్రం పెట్టి, జవాబు మూత మీద రాయకుండా చూడండి, ఏ గ్రూపుకి ఏది వచ్చిందో వాళ్ళే చెప్తారు.

కిట్లు చేశాక వచ్చే తలనొప్పి ఒకటుంది, ఒక గ్రూపు ముక్కలు ఇంకో గ్రూపులోకి వెళ్ళిపోవడం. మూడో కిట్‌లో ఒకటి తక్కువైందని పక్క గ్రూపు దాంట్లోంచి లాక్కుని నింపేస్తారు, మీకు సరిపోయినట్టే కనబడుతుంది. దీనికి మందు, ప్రతి ముక్క అడుగున పర్మనెంట్ మార్కర్‌తో కిట్ రంగు చుక్క. పది కిట్లకి కొన్ని వందల చుక్కలు అవుతాయి, మీరు పెట్టకండి, ఏ గ్రూపు కిట్‌కి ఆ గ్రూపే పెట్టుకుంటుంది, పిల్లలు ఎగబడి చేస్తారు. అలాగే తలుపు పక్కన ఒక చిన్న డబ్బా, దిక్కులేని ముక్కల డబ్బా అనుకోండి, నేల మీద ఏది దొరికినా ఎవరికి దొరికినా అందులో వెయ్యడమే, ఎవరిది ఎక్కడిది అన్న విచారణ వద్దు. వారానికోసారి ఒకరు కూర్చుని చుక్కల రంగు చూసి తిరిగి చేర్చేస్తారు. పోయాయి అనుకున్న ముక్కల్లో చాలా భాగం నిజానికి పోవు, కంగారులో జేబుల్లోకో బ్యాగుల్లోకో వెళ్తాయి, మర్నాడు ఇవ్వడానికి భయపడి ఇంట్లో ఉండిపోతాయి. అడక్కుండా వేసే చోటు ఉంటే తిరిగొస్తాయి.

కంపాస్‌లు, కాలిక్యులేటర్లు కిట్లలో వద్దు, ఇవి మనిషికొకటి సామాను. కంపాస్‌లకి మందపాటి థర్మాకోల్ గానీ చెక్క గానీ తీసుకుని నంబర్లేసి బెజ్జాలు చెయ్యండి, మొన కిందకి దిగేలా. ఖాళీ బెజ్జం ఉంటే ఎవరు ఇవ్వలేదో నంబరే చెప్తుంది, కాకపోతే రోల్ నంబర్ ప్రకారమే తీసుకోవాలి, ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి. కాలిక్యులేటర్లకి నంబర్లున్న జేబుల గుడ్డ గోడకి వేలాడదీస్తే అదే పద్ధతి నడుస్తుంది. ప్రొట్రాక్టర్లు, సెట్ స్క్వేర్లు పదేసి చొప్పున తాడుకి గుచ్చి కొక్కేనికి తగిలించండి. సెట్ స్క్వేర్లలో 45 డిగ్రీలది, 30–60 డిగ్రీలది కలిపి గుచ్చితే మళ్ళీ వెతుకులాటే, విడివిడిగా పెట్టండి.

ఇక ఎక్కడ పెట్టాలి. నలభైమంది ఒకే బీరువా దగ్గరికి వెళ్తే తోపులాట అవుతుంది, సామాను ఎంత బాగా సర్దినా సరే. కిట్లని గదిలో మూడు నాలుగు చోట్ల పంచి పెట్టండి, తలుపుల్లేని అరల్లో, పిల్లల చేతికి అందే ఎత్తులో. గ్రూపుకి ఒక్కరే లేచి తేవాలి, ఆ మనిషి వారం వారం మారుతుండాలి. తాళం వేసే బీరువా మీకోసం, పరీక్ష పేపర్లు, కొత్త స్టాకు, కత్తెరలు. బరువైనవి కింద అరలో, రోజూ తీసేవి నడుముకీ కళ్ళకీ మధ్య ఎత్తులో, ఏడాదికోసారి తీసేవి పైన.

ఇంకోటి, సర్దుడుతో సంబంధం లేనట్టు కనిపిస్తుంది గానీ ఉంది. ఏం చెయ్యాలో ముందు చెప్పేసి ఆ తర్వాతే డబ్బాలు తెప్పించండి. ముక్కలు చేతిలోకొచ్చాక మీ మాట ఎవరికీ వినబడదు. కొత్త సామాను మొదటిసారి ఇచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఊరికే ఆడుకోనివ్వండి, ఎలాగూ బురుజులు కడతారు, అదేదో ముందే కట్టేస్తే పాఠం మధ్యలో కట్టరు.

ఇప్పుడు కొనండి డబ్బాలు. ఏ కిట్‌కి ఎంత చోటు కావాలో మీకిప్పుడు తెలుసు, బేస్ టెన్ కిట్‌కి లోపల కొలత కనీసం 10 బై 20 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే ఫ్లాట్లు పక్కపక్కన పట్టవు, వేళ్ళు దూరడానికి ఇంకాస్త ఎక్కువుంటే మంచిది. అరల లోతు కూడా కొలుచుకుని వెళ్ళండి. అడుగు కనబడే పారదర్శకం డబ్బాలు, అన్నీ ఒకే సైజు లేదా రెండు సైజులు, చిన్నపిల్లలు కూడా తేలిగ్గా తియ్యగల మూతలు. జిప్ కవర్లు చవగ్గా వస్తాయి గానీ మొనలు తగిలి మూలల్లో చిరుగుతాయి, వర్క్‌షీట్లకి వాడుకోండి. లేబుల్ మూత మీద కాదు డబ్బా పక్కన అంటించాలి, మూతలు ఎప్పుడూ తారుమారవుతాయి. నిండుగా సర్దిన కిట్ ఫోటో తీసి ప్రింట్ చేసి డబ్బాకి అంటిస్తే ఎలా పెట్టాలి అన్న ప్రశ్న ఇక మీ దాకా రాదు.

వర్క్‌షీట్ల గుట్ట. క్లాసు ప్రకారం, సంవత్సరం ప్రకారం కాకుండా విషయం ప్రకారం పెట్టుకోండి, నిష్పత్తి, కోణాలు, సమీకరణాలు, ఇలా. ఆరో క్లాసు నిష్పత్తి షీట్ ఎనిమిదో క్లాసులో వెనకబడ్డ పిల్లాడికి కావాల్సొస్తుంది, క్లాసు ఫైల్లో ఉంటే మీకు గుర్తురాదు. ఒక్కో షీట్‌కి ఒక మాస్టర్ కాపీ మాత్రం ఉంచండి, దాని మీద లేత పసుపు హైలైటర్‌తో ఒక గీత పెట్టండి, బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్‌లో అది మామూలుగా పడదు కాబట్టి మాస్టర్ ఏదో మీకొక్కరికే తెలుస్తుంది, పొరపాటున పంచేసే పని ఉండదు. వెనకాల జవాబులు, దాంతోపాటు ఒక చీటీ మీద "నాలుగో లెక్క దగ్గర అందరూ ఆగిపోయారు" లాంటి మాట ఒకటి రాసి పెట్టండి, వచ్చే ఏడాది మీకు ఆ షీట్‌కన్నా చీటీయే ఎక్కువ పనికొస్తుంది. మిగిలిపోయిన కాపీలు క్లాసుకి సరిపడా లేకపోతే దాచకండి, వెనక వైపు చిత్తు పనికి వాడెయ్యండి. గుట్టలో సగం అవే ఉంటాయి, చూసుకోండి.

జామెట్రీ షీట్లకి ఒక జాగ్రత్త. ప్రింట్ తీసేటప్పుడు పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంటే బొమ్మంతా కొంచెం కుంచించుకుపోతుంది, 5 సెంటీమీటర్ల గీత కొలిస్తే 4.8 వస్తుంది. కోణాలు మారవు, పొడవులు మారతాయి, పిల్లలు సరిగ్గా కొలిచి కూడా మీ జవాబుతో కలవక బిక్కమొహం వేస్తారు. మాస్టర్ మీదే "100 శాతంలో తియ్యాలి" అని రాసేయండి. కంప్యూటర్లో ఫైళ్ళకి పేర్లు పెట్టేటప్పుడు 1, 2 అనకుండా 01, 02 అని పెట్టండి, చాలాచోట్ల 10వ పాఠం 2వ దానికన్నా ముందొచ్చి కూర్చుంటుంది లేకపోతే.

చార్టుల గురించి మీరు అడగలేదు గానీ బీరువా ఖాళీ చేస్తే అవి గోడ మీదికి ఎక్కుతాయని నా భయం. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు కిండర్‌గార్టెన్ పిల్లలతో చేసిన ఒక అధ్యయనంలో గోడలనిండా బొమ్మలున్న గదిలో పిల్లల ధ్యాస ఎక్కువ పక్కకి పోయింది, నేర్చుకున్నదీ తగ్గింది. మీ పిల్లలు పెద్దవాళ్ళు, అంతే తేడా వస్తుందని నేను అనను, అయినా ఇప్పుడు నడుస్తున్న పాఠానికి సంబంధించినవి రెండో మూడో ఉంచి మిగతావి దించెయ్యడమే నాకు సబబనిపిస్తుంది. దించినవి చుట్టి పెట్టకండి, చుట్టినవి మళ్ళీ తెరిస్తే నిలబడవు. క్లిప్పులున్న హ్యాంగర్లకి తగిలించి వేలాడదీస్తే బట్టల్లా ఒక్కొక్కటీ జరిపి చూసుకోవచ్చు.

చివరిగా, ఇదంతా సెలవుల్లో ఒక్కరే కూర్చుని చెయ్యాలనుకోకండి. సెలవుల్లో ఏరివేత ఒక్కటి చేసుకోండి, అది మీరే చెయ్యాలి. కిట్లు మాత్రం స్కూలు తెరిచాక మొదటి వారంలో, మొదటి పాఠానికి కావాల్సిన ఒక్క రకంతో, పిల్లల చేతే కట్టించండి. ఫ్రాక్షన్లతో మొదలైతే ఫ్రాక్షన్ కిట్లే, మిగతావి అట్టపెట్టెల్లో ఉండనివ్వండి, వాటి పాఠం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి ఏ పెట్టె తెరవలేదో దాన్ని నిస్సంకోచంగా ఇచ్చెయ్యచ్చు. ఆ తాళం బీరువాకి రెండో తాళంచెవి ఒకటి చేయించి ఆఫీసులో ఇచ్చి ఉంచండి, మీరు సెలవు పెట్టిన రోజు మీ బదులు వచ్చిన టీచర్‌కి కనీసం సుద్దముక్కలు, వర్క్‌షీట్లు అయినా అందాలి కదా.